మిసెస్ పాంట్ గుమ్మం మెట్టు

దేవుడు లోకాన్ని ఆరు రోజుల్లో చేసి ఏడో రోజు విశ్రమించాడు. మా అప్పర్ థ్రష్‌కోమ్ గ్రామాన్ని మాత్రం 1790లో ముగించి, ఇక దీన్నెవరూ ముట్టుకోరాదని సంరక్షణ సంఘానికి అప్పగించాడు.

తేనెరంగు రాతి ఇళ్లు, గుమ్మాల మీద గులాబీ తీగలు. చూడటానికి బస్సుల్లో జనం వస్తారు. తలుపులకు ఆమోదించిన రంగులు మూడు (మూడూ బూడిదరంగే). ఆరేసిన బట్టలు వీధిలోకి కనిపించరాదు (పాస్టర్ గారి నిలువుటంగీకి మినహాయింపు ఉంది, అది చూడముచ్చటగా ఉంటుందట).

నా పక్కింటి హెస్టర్ పాంట్‌కు ఎనభై మూడేళ్లు. ఆమె గుమ్మం ముందు రాతిమెట్టు అరిగి అరిగి మధ్యలో గిన్నెలా గుంటపడింది. అందులో నీళ్లు నిలుస్తాయి. మా ఊళ్లో వాన పడని రోజును తేదీతో సహా గుర్తుపెట్టుకుంటాం. రెండుసార్లు జారాక, గోడకు ఇనుప పట్టుకమ్మీ వేసుకుంటానని ఆమె దరఖాస్తు పెట్టింది.

అయిదు నెలలకు సంఘం తరఫున ప్రాచీన స్వరూప అధికారి నైజెల్ ఫాన్‌షా వచ్చాడు. మెట్టును అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, హెస్టర్ ఇచ్చిన టీ తాగాడు.

"1790కి ముందు ఇక్కడ కమ్మీ ఉన్నట్టు ఆధారం ఉందా, మిసెస్ పాంట్?"

"అప్పటికి నేనింకా కాపురానికి రాలేదు బాబూ."

"అదే చిక్కండీ."

"పోనీ ఆ గుంట పూడ్పించుకోనా?"

"గుంటే కదండీ దాని అందం. ముట్టుకుంటే నేరం."

"ముట్టుకోకుండా దిగడమెలాగో నువ్వే చెప్పు మరి."

అతను ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు ('ఇతర విషయాలు' అన్న గడిలో).

ఇక్కడ నేను సాయం చేయబోయాను. పబ్బు గోడకు 1790కి ముందు గీసిన మా వీధి చిత్రం ఒకటి వేలాడుతోంది. అందులో కమ్మీ ఉండే ఉంటుందని ఫాన్‌షాను తీసుకెళ్లాను. భూతద్దంలో హెస్టర్ మెట్టు స్పష్టంగా కనిపించింది. కమ్మీ లేదు. మెట్టు పక్కన ఒక స్త్రీ, ఒలికిన పాలబిందె, గాల్లో ఆమె కాళ్లు.

రెండు వారాల్లో తీర్పు వచ్చింది: 'ఈ మెట్టుపై జారిపడుట గ్రామ చారిత్రక స్వరూపంలో భాగమని దరఖాస్తుదారు తరఫున చూపిన సాక్ష్యమే నిరూపించుచున్నది. కమ్మీ ఆ సంప్రదాయమునకు భంగకరము.'

"తప్పు నాదే హెస్టర్," అన్నాను.

"పోనీలే. బొమ్మ పూర్తయ్యేదాకా ఆవిణ్ణి లేపకుండా కూర్చున్నాడంటే, ఆ చిత్రకారుడు అచ్చం మా ఆయనే."

ఆదివారం పాస్టర్ గారు తొట్రిల్లే పాదాల కోసం ప్రార్థించారు. నేను ఆమెన్ అన్నాను. ముందు వరుసలో ఫాన్‌షా నాకంటే గట్టిగా అన్నాడు. ప్రభువు ఇద్దరి మాటా విని ఉంటాడు; ఎవరి మాట ముందు పరిశీలనకు తీసుకుంటాడో నాకు తెలియదు.

నవంబరులో హెస్టర్ జారిపడింది. తుంటి విరిగింది. పట్నంలో వృద్ధుల ఆశ్రమానికి చేర్చారు. చూడటానికి వెళ్తే నడవాలన్నీ చూపించింది.

"ఎటు చూసినా కమ్మీలే. పట్టుకుని వెళ్దామంటే, వెళ్లే చోటే లేదు."

ఈ కథ విన్న యాత్రికులు ఆ మెట్టెక్కి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. మెట్టు ఇంకా అరిగిపోతుందని సంఘం కలవరపడింది. తొమ్మిది రోజుల్లో దాని చుట్టూ చక్కని ఇనుప కమ్మీ వెలిసింది.

పట్టుకోరాదని దాని మీద రాసి ఉంది.