కళ్లజోళ్లాయన కుడి సిగ్నల్

కాలనీవాసులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన కళ్లజోళ్లాయన మోటారుసైకిలుకున్న నాలుగు సిగ్నల్ దీపాలూ ఇకమీదట ఒకేసారి వెలగవు. కుడి మీట నొక్కితే కుడివైపువి, ఎడమ మీట నొక్కితే ఎడమవైపువి మాత్రమే వెలుగుతాయి. ఇందువల్ల కలిగిన అసౌకర్యానికి ఆయన ఇప్పటికే తగినంత చింతించి ఉన్నారు.

ఇంత దారుణం ఎలా జరిగిందో మొదటినుంచీ చెప్పాలి. కళ్లజోళ్లాయనది బజారు మలుపులో కళ్లద్దాల దుకాణం. లోకంలో సగం గొడవలు చూపు ఆనకపోవడం వల్లే వస్తాయని ఆయన గట్టి నమ్మకం. రెండు నెలల క్రితం భార్యను వెనక ఎక్కించుకుని సొంత సందులోకి కుడికి తిరుగుతుంటే, ఎవరో వెనకనుంచి గుద్ది ఆగకుండా వెళ్లిపోయారు. ఆవిడ మోకాలికి ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసే మనిషి కాబట్టి ఆవిడ కంగారుపడలేదు. కుట్లు విప్పించుకున్న రోజున నింపాదిగా ఒక్క మాట అంది.

"మీ సిగ్నల్ వెనకవాళ్లకి కనబడేదాకా నేను బస్సులోనే పోతానండీ."

పద్నాలుగేళ్లుగా పొద్దున్నే భుజం మీద ఉండే చెయ్యి లేకపోయేసరికి ఆయనకు బండి నడపడమే విసుగైపోయింది. కనబడకపోవడమే కదా జబ్బు అనుకుని, మసకబారిన పాత బల్బులు నాలుగూ పీకించి, పట్టపగలు కూడా కళ్లు చెదిరే ఎల్ఈడీలు పెట్టించాడు.

మీట నొక్కితే అవి వెలిగాయి గానీ ఆరలేదు. మెకానిక్ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి బ్యాటరీ మార్చాడు. లాభం లేకపోయేసరికి హారన్ మార్చాడు. హారన్‌కూ సిగ్నల్‌కూ ఏమిటి సంబంధమని అడిగితే, రెండూ కరెంటుతోనే కదా పనిచేసేదని జాలిగా చూశాడు. చివరికి, దీపాల పెట్టెలోని కాగితం చదివిన కళ్లజోళ్లాయన బతిమాలగా బతిమాలగా, దీపాలను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ మార్చాడు. ఇప్పుడవి చక్కగా ఆరి వెలుగుతున్నాయి. కాకపోతే ఏ వైపు నొక్కినా నాలుగూ కలిసికట్టుగా వెలుగుతున్నాయి.

"మీరడిగింది రెండు, వచ్చింది నాలుగు. ఇంకా ఏంటండీ మీ బాధ?" అన్నాడు మెకానిక్.

మన కాలనీలో రిటైరైన ప్రతివారూ వైరింగు నిపుణులే అన్న సంగతి మీకు తెలియనిది కాదు. ఒకరు ఎర్త్ తీగను గరుకు కాగితంతో రుద్దించారు. ఇంకొకరు అటు తీగలు ఇటు మార్పించారు. సీటు మార్చి చూడమన్న వారు కూడా ఉన్నారు. ఈలోగా నాలుగు దీపాలు కొట్టుకుంటూ వచ్చే బండి ఎవరో పెద్ద అధికారిదనుకుని జనం పక్కకు తప్పుకోసాగారు. వార్షిక సమావేశంలో కాలనీ సంఘం అధ్యక్షుడు ఆయనను వేదిక మీదికి పిలిచి ప్రసంగించాడు.

"మనలో కొందరు కుడి అంటారు, కొందరు ఎడమ అంటారు. ఈయన ఎవరినీ నొప్పించడు. ఎటు వెళ్లేదీ ఆఖరి క్షణం దాకా బయటపెట్టని ఇలాంటి పౌరులే నేటి సమాజానికి కావాలి."

చప్పట్లు మారుమోగాయి. మర్నాటికల్లా మెకానిక్ ఆ జబ్బుకే 'నాలుగు దీపాల ప్రత్యేక అమరిక' అని బోర్డు రాయించి, మొట్టమొదట అధ్యక్షుడి బండికి బిగించాడు.

ఇంత గౌరవం దక్కినా భార్య మాత్రం బస్సు దిగలేదు. ఒక ఆదివారం ఆవిడ టీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చి, బండి ముందు చతికిలబడ్డ భర్తను చూసి అడిగింది.

"స్పీడు మీటరు దగ్గర బల్బు ఒక్కటే ఉందేంటి? అటు నొక్కినా ఇటు నొక్కినా అదేనా వెలిగేది?"

అదే. ఆ చిన్న బల్బుకు ఒక కాలు కుడి తీగ మీద, ఒక కాలు ఎడమ తీగ మీద ఉంది. కుడికి వెళ్లిన కరెంటులో కాస్త దానిగుండా ఎడమకు జారుకుంటోంది. పాత బల్బులకు ఆ కొసరు ఏ మూలకూ చాలేది కాదు, ఎల్ఈడీలకు మాత్రం అదే భోజనం. కళ్లజోళ్లాయన కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు రెండు తెచ్చి, ఒక్కో తీగకు ఒకటి పెట్టి రెంటినీ బల్బు ఒక కాలుకు చేర్చాడు. రెండో కాలును ఎర్త్‌కు కలిపాడు. ఆవిడ సందు చివరిదాకా నడిచివెళ్లి అక్కడినుంచి చూసింది. కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. "రేపు బస్సు ఎక్కనులెండి" అంది. ఆయనకు పట్టరాని సంతోషం కలిగింది.

మర్నాడు సాయంత్రం భుజం మీద చేయితో ఇంటికి వస్తూ, సందు ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే కుడి సిగ్నల్ వేశాడు. వేగం తగ్గించాడు. కుడికే తిరిగాడు. వెనకనుంచి అధ్యక్షుడు వచ్చి గుద్దాడు.

ఆవిడకు అదే మోకాలు. అధ్యక్షుడి కళ్లజోడు మాత్రం చెక్కుచెదరలేదు. అది పోయిన నెలే కళ్లజోళ్లాయన స్వయంగా నంబరు చూసి ఇచ్చినది.

"కనబడలేదా?" అని కళ్లజోళ్లాయన అడిగాడు.

"ఎందుకు కనబడలేదూ? ఇంత బాగా ఎప్పుడూ కనబడలేదు. వేసి మర్చిపోయారనుకున్నా" అన్నాడు అధ్యక్షుడు.

చుట్టూ చేరినవారందరూ సిగ్నల్ తమకూ స్పష్టంగా కనబడిందని, తామూ నమ్మలేదని ఏకగ్రీవంగా సాక్ష్యం చెప్పారు. చెప్పిన వైపుకే తిరిగి ప్రజలను తప్పుదారి పట్టించినందుకు సంఘం ఆయనను సున్నితంగా మందలించింది. నిజంగానే తిరగదలచుకున్నవారు ఆ సంగతి ముందుగా విడిగా తెలియజేయాలని తీర్మానించింది.

ఆవిడ మళ్లీ బస్సులోనే వెళుతోంది. ఆ బస్సు పొద్దున డిపోలో వేసిన కుడి సిగ్నల్ సాయంత్రం దాకా ఆర్పకుండా నేరుగా పోతూ ఉంటుంది. రోజూ దాని వెనకే వెళ్లే మీరు ఏనాడైనా ఒక్క మాట అన్నారా?