అంజన్న బ్యాలెన్స్ మాయం కేసు

"ఈ ఊళ్లో నేరాలు ఇంకా జరుగుతున్నాయంటే, నేను మధ్యాహ్నం పూట నిద్రపోవడం వల్లేనయ్యా," అన్నాడు ఫణికుమార్.

నగేష్‌కు ఈ గొప్పలు అలవాటే. పన్నెండేళ్ల స్నేహంలో ఈ డిటెక్టివ్ పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడు ఈయన సొంత బావమరిది, పైగా దొంగ కూడా కాదు.

అది 2008. నగేష్ పక్కింటి అంజన్న కంచన్‌బాగ్‌లోని రక్షణ శాఖ ఫ్యాక్టరీలో ఫిట్టర్. కొన్నాళ్లుగా ఆయన సెల్‌ఫోన్‌లో బ్యాలెన్స్ వేసింది వేసినట్టే మాయమవుతోంది. కూతురు సుజన ఎవరో పిలగాడితో మాట్లాడుతోందని ఆయనే తేల్చేసి, ఆ అమ్మాయి కంప్యూటర్ కోర్సు మాన్పించాడు. వచ్చే నెలలో పరీక్ష. నగేష్‌కు కడుపు మండింది. ఆ మంటలో ఫణికుమార్‌కు చెప్పడమే పొరపాటు.

ఫ్యాక్టరీ పేరు వినగానే ఫణికుమార్ లేచి నిలబడ్డాడు. "రక్షణ రహస్యాలు, నగేష్. శత్రువు ముందు బ్యాలెన్స్ లాగుతాడు, తర్వాత దేశాన్ని."

"అంజన్న క్యాంటీన్‌ల నల్లాలు రిపేర్ చేస్తడు, భాయ్."

ఆదివారం పొద్దున ఇద్దరూ వెళ్లేసరికి అంజన్న కుర్చీని ఇంటర్నెట్ మోడెం పక్కకు లాక్కుని, ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూస్తున్నాడు. కంప్యూటర్ నడపడం ఆయనకు రాదు. నెట్‌కు నెలకింతని కడుతున్నామని, ఎంత చూసినా అంతేనని గర్వంగా చెప్పాడు.

ఫణికుమార్ వేలిముద్రల కోసం ఆ ఫోన్ మీద పాండ్స్ పౌడర్ చల్లి, తానే నాలుగుసార్లు తుమ్మాడు. ఫోన్ తాను ముట్టనే లేదని సుజన చెబితే, నేరస్థులందరూ అలాగే అంటారన్నాడు. తర్వాత గదినంతా ఒక్క చూపులో బంధించాలని భూతద్దంతో వెనక్కి వెనక్కి నడిచి, వైరు కాలికి చుట్టుకుని పడ్డాడు. వైరు గోడలోంచి ఊడింది. మోడెం లైట్లన్నీ ఆరిపోయాయి.

"ఇంకో వికెట్ పడ్డది," అన్నాడు అంజన్న, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

సుజన మోడెం వైపు చూసింది. "నాయినా, డబ్బా బందయింది. మరి గా స్కోరు ఏడికెల్లి వచ్చింది?"

అంజన్న ఫోన్‌నూ మోడెంనూ మార్చి మార్చి చూశాడు. ఆ అమ్మాయే నిదానంగా చెప్పింది. నెలకు కట్టేది కంప్యూటర్ నెట్‌కు. ఫోన్ నెట్ వేరు, అది టవర్ నుంచి వస్తుంది, చూసిన ప్రతిసారీ బ్యాలెన్స్‌లో ఇంత కోసుకుంటుంది. మోడెం పక్కన కూర్చున్నంత మాత్రాన రెండూ ఒకటైపోవు.

అంజన్న ఫోన్ బోర్లించాడు. "రేపటికెల్లి క్లాసుకు పో, బిడ్డా."

"పోత. మరి నేను మాట్లాడిన పిలగాడెవరు, నాయినా?"

అంజన్న తల దించుకున్నాడు. సిగ్గుపడాల్సిన మనిషి సిగ్గుపడ్డాడు, నగేష్‌కు అది చాలు.

అప్పుడు నేల మీంచి ఫణికుమార్ గొంతు వినిపించింది. "కంగారు పడకమ్మా. ఆ పిల్లవాణ్ణి రెండు రోజుల్లో పట్టుకుంటాను."

నగేష్ ఆయన్ని లేపకుండానే ఇంటికి వెళ్లిపోయాడు.