బల్ల మీది అంబులెన్సు

ఒత్తులు తప్పితే, దీర్ఘాలు ఎగిరిపోతే మన్నించండి. నేను అరవై ఆరో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా మా భోజనాల బల్ల మీద మూడు గ్రహాలు నాశనమయ్యాయి.

అయినా చెబుతున్నాను: ప్రతి ఇంట్లోనూ భోజనాల బల్లను యుద్ధభూమిగా మార్చాలి! కుదిరితే చట్టం చేయాలి!

మా అల్లుడుగారు పళ్ళ సెట్లు తయారుచేస్తారు. పళ్ళకు రంగు కలిపే సన్న కుంచెతోనే ఆదివారాలు బొమ్మ సైనికులకు కనుబొమలు దిద్దుతారు. స్నేహితులు ఇద్దరు వస్తారు. నెత్తిన బట్టతల, చేతిలో పాచికలు. ఇక ఏడువందల ఏళ్ళ తర్వాత జరగబోయే యుద్ధం మా బల్ల మీద మొదలు. మేము కంచాలు ఒళ్ళో పెట్టుకుని మంచం మీద తింటాం. నడుముకు ఎంత మంచిదో!

"అమ్మా, ఇంకో గ్రహం కూలితే గానీ నా బల్ల నాకు దక్కదా?" అని మా అమ్మాయి సణుగుతుంది. దానికి శాస్త్రజ్ఞానం తక్కువ.

ఆ సైన్యం మొత్తంలో నాకు నచ్చింది అంబులెన్సు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఆరు చక్రాలు, ఒళ్ళంతా ఉక్కు కవచం, లోపల నాలుగు స్ట్రెచర్లు. తుపాకీ మాత్రం లేదు. సైనికుడు పడిపోతే పాచికల రెండు వంతుల లోపు అది చేరాలి. చేరకపోతే అతను చచ్చినట్టే, చెప్పుల డబ్బాలోకి వెళ్ళిపోతాడు.

అది కదిలేటప్పుడు "దారి!" అని అరుస్తారు. అంతే! శత్రువైనా సరే, తన ట్యాంకులు తీసి పక్కన పెట్టాల్సిందే. పెళ్ళాం పది సార్లు పిలిచినా కదలని మనుషులు ఆ ఒక్క కేకకు ఎలా లేస్తారో! ఇంతటి నాగరికత ఇంకెక్కడైనా చూశారా?

మా సందులో నేను చూడలేదు. నాలుగేళ్ళ కిందట మా ఆయనకు గుండె పట్టేసింది. ఫోన్ చేసిన తొమ్మిది నిమిషాలకే అంబులెన్సు వచ్చింది, పాపం. సందు మొదట్లో ఎవరిదో కారు అడ్డంగా ఉంటే అక్కడే ఆగిపోయింది. దాని హారన్ మాకు వినబడుతూనే ఉంది. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. ముందు పట్టుకున్నది అల్లుడుగారే. సందు సగం దాటేసరికి నా చేతిలో ఆయన చెయ్యి బరువెక్కింది.

సరే, బొమ్మల దగ్గరికి వద్దాం.

పోయిన ఏడాది అల్లుడుగారు కారు కొన్నారు. చక్కటి కారు. సందు మొదట్లో పెట్టారు. కింది వాటా టైలరమ్మకు ఇప్పుడు ఎనిమిదో నెల. "అన్నయ్యగారూ, కాస్త జరపరూ?" అని రెండుసార్లు అడిగింది. "చూద్దాం లేమ్మా" అన్నారు.

మొన్న ఆదివారం మంచి ఊపులో ఉన్న యుద్ధం ఆగిపోయింది.

"అత్తయ్యా, నా అంబులెన్సు చూశారా? ఇక్కడ ఆరుగురు చచ్చిపోతున్నారు!"

"బయలుదేరింది అల్లుడుగారూ. రావడానికి దారి లేక సందు మొదట్లో ఆగింది. మీ కారు బానెట్ మీద ఉంది, చూడండి."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి వెళ్ళారు. కాసేపటికి కారు స్టార్ట్ చేసిన చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చాక ఆ బొమ్మను నా చేతిలో పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి అత్తయ్యా" అన్నారు. ఆరుగురూ డబ్బాలోకి వెళ్ళిపోయారు. ఎవరూ పాచికలు వేయలేదు.

మరి సందు ఖాళీ అయిందా అంటారా? గంటసేపు అయింది! తర్వాత ఎదురింటి బ్యాంకు మేనేజరుగారు తన కారు తెచ్చి అక్కడే పెట్టారు. ఆయన బొమ్మలతో ఆడరు. మరి దేనితో ఆడతారో, వాళ్ళావిడను మెల్లగా అడుగుతున్నాను.

ఇట్లు,
పలకమామ్మ, డెబ్బై ఒకటో ఏడు,
సందు చివరి ఇల్లు, మూడో అంతస్తు. అంబులెన్సు ఆగేచోటికి నూట నలభై అడుగులు.