తొమ్మిది కిలోమీటర్ల దేశానికి రైల్వే

"ప్రభుత్వం వ్యాపారం చేసిందా, దేశం మునిగినట్టే!" అని హేమచంద్ర కెనడాలోని హాలిఫాక్స్‌లో తన బేస్‌మెంట్ నుంచి ఘంటాపథంగా ప్రకటించాడు. జూమ్‌లో ఎగిలేరా దీవి మంత్రిగారు గౌరవంగా తలూపారు. సముద్రానికి మూరెడెత్తున ఉన్న దేశం ఆయనది. మునగడం ఆయనకు కొత్త కాదు పాపం!

హేమచంద్ర ప్రభుత్వరంగ సంస్కరణల కన్సల్టెంట్. పర్మినెంట్ ఉద్యోగమంటే సోమరితనం, పెన్షనంటే జబ్బు అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పలికే నోట్లో మెరిసే రెండు పంటి క్రౌన్లూ మాత్రం, ప్రావిన్స్ ప్రభుత్వ ఆఫీసులో పర్మినెంట్‌గా పనిచేసే భార్య దమయంతి డెంటల్ ఇన్సూరెన్స్ చలవే! ఆయనదేమో ఎగిలేరా ప్రభుత్వంతో ఆర్నెల్ల కాంట్రాక్టు. శుక్రవారం రెన్యూ కావాలి.

ఆయన అప్పటికే ఎగిలేరాకు పంపేసిన సంస్కరణల రిపోర్టును గురువారం దమయంతి తిరగేసింది.

"ఏవండీ, ఆ దీవి పొడవెంత?"

"తొమ్మిది కిలోమీటర్లు."

"మరి నలభయ్యో పేజీలో 'నష్టాల్లో ఉన్న రైల్వేను ఆర్నెల్లలో అమ్మేయాలి' అన్నారు. అక్కడ రైలెక్కడిదండీ?"

హేమచంద్ర గబగబా నలభయ్యో పేజీ తీశాడు. అది ఇంకో దేశానికి రాసిన పాత రిపోర్టు. దేశం పేరు మార్చాడు, రైలు తీసేయడం మరిచాడు! ఒప్పుకుంటే కాంట్రాక్టు గోవిందా!

శుక్రవారం మంత్రిగారు జూమ్‌లో వెలిగిపోతూ కనిపించారు.

"అద్భుతమండీ మీ రిపోర్టు! సాయమిచ్చే దేశాలన్నీ ఒప్పేసుకున్నాయి. రైల్వే అమ్మితేనే సాయమట!"

"కానీ సార్... రైల్వే..."

"లేదని మాకు తెలీదా! అమ్మాలంటే ముందు ఉండాలి కదండీ. నిన్ననే రైల్వే కార్పొరేషన్ పెట్టేశాం. నాలుగొందల మంది స్టాఫ్. స్టేషన్ మాస్టర్లు ముగ్గురూ మా బావమరుదులే. పట్టాల సంగతి తర్వాత చూద్దాం. బడ్జెట్టంతా దానికే పోయింది, మీ కాంట్రాక్టు మాత్రం రెన్యూ చేయలేం."

మంత్రిగారే గొంతు తగ్గించి మళ్లీ అందుకున్నారు.

"రైల్వేకి ఎండీ పోస్టొకటి ఖాళీ ఉంది. ప్రభుత్వోద్యోగం. మీబోటివారిని అడగడం బాగోదనుకోండి..."

"పర్మినెంటేనా సార్?" హేమచంద్ర మైకు దగ్గరికి జరిగాడు. "పెన్షనుందా? డెంటలూ?"

"అన్నీ!"

ఇప్పుడా బేస్‌మెంటే రైల్వే హెడ్డాఫీసు. ఆర్నెల్లు ఇట్టే గడిచి, అమ్మకం గడువు రానే వచ్చింది. జూమ్ మీటింగ్‌లో ఎండీగారు బల్ల గుద్దారు.

"రైల్వే ప్రజల ఆస్తి! నా ప్రాణముండగా అమ్మనివ్వను! అసలు అమ్మమన్న తలమాసినవాడెవడు?"

మెట్ల మీంచి దమయంతి కేకేసింది.

"మీరేనండీ! నలభయ్యో పేజీ!"