హనుమాండ్లన్న చింపాంజీ యాత్ర

మా డివిజన్ కార్పొరేటర్ హనుమాండ్లన్న ప్రజల కోసం ఆఫ్రికా అడవులకు వెళ్లి, చింపాంజీలను స్వయంగా చూసి రావాలని నిర్ణయించుకున్నారు. ఈ చారిత్రక ప్రకటనను ఆయన కర్మన్‌ఘాట్ రోడ్డు మీద, మిర్చిబజ్జీల బండి పక్కన, ఉదయం పదకొండు గంటలకు ముగ్గురు విలేకరుల సమక్షంలో చేశారు. నాలుగో విలేకరి కూడా వచ్చాడు గానీ బండి దగ్గరే ఆగిపోయాడు.

ఆ బండికి ఎదురుగా నాకు ఫ్లెక్సీలు, డీటీపీ, జిరాక్సు చేసే షాపుంది. మా డివిజన్‌లో ఎవరు పుట్టినా, గెలిచినా, పోయినా నా కంప్యూటర్ మీదుగానే పోవాలి. కాబట్టి ఈ మహాకార్యం గురించి పాఠకులకు చెప్పే అర్హత నాకుందని వినయంగా మనవి చేస్తున్నాను.

"మన కాలనీల కోతుల సమస్య ఉన్నది. దానికి మూలం ఏడున్నది? ఆఫ్రికాల ఉన్నది," అన్నారు హనుమాండ్లన్న మైకు పట్టుకుని. "నేను మూలానికే పోతున్న. కొమ్మలు పట్టుకుని ఊగేది నా పాలసీ కాదు."

చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకు ట్రాన్స్‌ఫార్మర్ మీదున్న రెండు కోతులు ఒక్కసారి కిందికి చూసి, మళ్లీ పేలు చూసుకోవడంలో పడ్డాయి.

అప్పుడు గుంపులోంచి భాగ్యమ్మ ముందుకొచ్చింది. ఈమె గురించి చెప్పాలి. పోచంపల్లి నుంచి ముప్పై ఏళ్ల కింద వచ్చిన కుటుంబం. కొడుకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పని చేస్తాడు. అరవై ఆరేళ్ల భాగ్యమ్మ మాత్రం ఇప్పటికీ మేడ మీద చట్రం వేసుకుని పట్టుదారానికి చిటికి కడుతుంది. అంటే, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పీలికతో ముడి వేయడం, రంగులో ముంచడం, ఆరబెట్టడం, మళ్లీ ఇంకోచోట ముడి వేయడం. అట్లా కొన్ని వేల ముళ్లు వేస్తే ఒక చీర. ఇప్పుడు కట్టేది మనవరాలు గీత పెళ్లిచీర. కంటి దవాఖానలో ఆమెకు చూపు ఇక తగ్గడమే గానీ పెరగడం ఉండదని చెప్పారు. కాబట్టి ఇదే ఆఖరు చీర. ఇప్పటికి రెండుసార్లు కట్టింది. రెండుసార్లూ కోతులొచ్చి ముళ్లు విప్పి, దారం తెంపి పోయాయి.

"బిడ్డా, నాకు ఆఫ్రికా ఎరుక లేదు. ఒక్క బోను పెట్టి, కోతులు పట్టేటోణ్ణి ఒక్కణ్ణి తోలియ్యి. ఈ ఒక్క చీర అయ్యేదాకా సాలు," అంది భాగ్యమ్మ. ఇదే సంగతి మూడు అర్జీల్లో కూడా రాయించింది. మూడూ నేనే టైపు చేశాను.

హనుమాండ్లన్న ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. "పెద్దమ్మా, నా పేరేంది? హనుమాండ్లు. మనం ఉన్నదేడ? కర్మన్‌ఘాట్ అంజన్న గుడి నీడల. నేను కోతిని బోనుల ఏస్తే మా అమ్మ నన్ను ఇంట్లకు రానిస్తదా?"

ఈ ధర్మసంకటంలోంచి ఆయన్ని బయట పడేసింది ఆయన పీఏ మధుకర్. చింపాంజీకి తోక ఉండదని మధుకర్ ఫోన్లో చదివాడు. తోక లేనిది స్వామివారి వంశం కిందికి రాదు కదా. అంటే దాన్ని ఎంత దగ్గరగా పరిశీలించినా పాపం అంటదు, పరిశీలించిన జ్ఞానం మాత్రం తోకున్నవాటికి కూడా పనికొస్తుంది. ఇంత దూరం ఆలోచించే యువకులు మా డివిజన్‌లో ఉండడం మా అదృష్టం.

మర్నాడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ట్రావెల్ ఆఫీసుకు వెళ్లాం. కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తు. ఫ్లెక్సీలో పెట్టే అడవి ఫోటో ఎంచడానికి నన్నూ వెంట తీసుకెళ్లారు. అక్కడ తన్మయి అనే అమ్మాయి ఎంతో మర్యాదగా అన్నీ వివరించింది.

"ఒక గ్రూపులో ఆరుగురే వెళ్లాలి సర్. చింపాంజీలు కనిపించాక ఒక గంటే ఉండాలి."

"మేం ఇరవై ఏడు మందిమి."

"ఐదు గ్రూపులు చేద్దాం సర్. ఒక్కో గ్రూపు ఒక్కో దిక్కుకు వెళ్తుంది."

"నాయకుడు ఓ దిక్కు, కార్యకర్తలు ఓ దిక్కు పోతే నినాదాలు ఎవలిస్తరమ్మా?"

"నినాదాలు ఇవ్వకూడదు సర్. అసలు గట్టిగా మాట్లాడకూడదు."

హనుమాండ్లన్న మధుకర్ వైపు చూశారు. మధుకర్ డైరీలో 'మౌనం' అని రాసుకుని కింద గీత గీశాడు.

తర్వాత శాలువా విషయం వచ్చింది. ఎక్కడికి వెళ్లినా అక్కడి పెద్దమనిషికి పోచంపల్లి శాలువా కప్పడం మావాళ్ల ఆనవాయితీ. ఈసారి గుంపుకు పెద్దగా ఉన్న చింపాంజీకి కప్పాలనుకున్నారు. పది మీటర్ల కంటే దగ్గరికి వెళ్లకూడదని తన్మయి చెప్పింది. వెదురుకర్రకు కట్టి కప్పొచ్చా అని మధుకర్ అడిగాడు. ఆ అమ్మాయి కాసేపు కంప్యూటర్ వైపు చూసి, అలా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరంది. దీన్ని మధుకర్ అనుమతి కింద రాసుకున్నాడు.

జలుబు చేసినవాళ్లను అడవిలోకి రానివ్వరట. మన జలుబు చింపాంజీలకు అంటుకుంటుందట. ఈ మాటకు హనుమాండ్లన్న కళ్లు చెమర్చాయి. జలుబు అంటుకుంటుందంటే ఇక రక్తసంబంధమేనన్నారు.

"ఇంతా పోతే కచ్చితంగా కనపడ్తయా?" అని అడిగారు ఆఖరున.

"చెప్పలేం సర్. ఒక్కోసారి పొద్దంతా తిరిగినా కనిపించవు."

"ముందుగాల పర్మిషన్ తీసుకొని పోయినా?"

"అయినా సరే సర్."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అయితే మనకంటే పెద్ద లీడర్లే," అన్నారు గౌరవంగా.

వచ్చేముందు తన్మయి అక్కడి బస ఫోటో చూపించింది. వరండా చుట్టూ ఇనుపజాలి, లోపల మనుషులు అన్నం తింటున్నారు. అక్కడ మనుషులు లోపలుంటారు, జంతువులు బయట తిరుగుతాయి, అంది. మధుకర్ ఆ ఫోటోను ఫోన్లోకి ఎక్కించుకున్నాడు.

ఆదివారం పొద్దున కాలనీ పార్కులో రిహార్సల్ జరిగింది. మొదటి గ్రూపుకు ఎంపికైన ఆరుగురూ మాస్కులు పెట్టుకుని జామచెట్టు వైపు నడవాలి. చెట్టు మీద చింపాంజీ పాత్రలో మధుకర్. కింద గంటసేపు మౌనం. నాలుగో నిమిషంలో ఒకరి ఫోను మోగింది. అది హనుమాండ్లన్న ఎన్నికల పాట. పాట వినపడగానే మిగతా ఐదుగురూ అలవాటు చొప్పున "జిందాబాద్" అన్నారు. నాయకుడున్న గ్రూపులో చోటు దొరకని ఇరవై ఒక్కమంది అలిగి రాజీనామా పత్రాలు పట్టుకుని గేటు దగ్గరే కూర్చున్నారు కాబట్టి వాళ్లూ అందుకున్నారు. వెదురుకర్ర చివర శాలువా మధుకర్ ముఖం మీద పడింది. అతను కొమ్మ మీద పట్టు తప్పి, ఆరుగురి మీదా సమానంగా పడ్డాడు. గోడ మీద వరసగా కూర్చున్న కోతులు ఇదంతా ఎంతో క్రమశిక్షణతో చూశాయి. ఒక్కటీ మాట్లాడలేదు. ఆ పూట నేను ఎంత నవ్వానంటే సాయంత్రం దాకా డొక్కలు నొప్పి పుట్టాయి.

ఇక మిగిలింది యాత్ర ఖర్చు మంజూరు చేసే ఫైలు. అది పశువైద్య విభాగంలో విశ్వేశ్వరరావు గారి దగ్గరుంది. ఆయనది గుడివాడ వైపు, ఎల్బీనగర్‌లో స్థిరపడి పాతికేళ్లు. కాగితాన్ని ఆయన చూసినట్టు పెళ్లికూతుర్ని కూడా ఎవరూ చూడరు.

"ఫైలన్నాక బరువుండాలండీ," అన్నారాయన. "వెళ్లొచ్చాక ఎలాగూ నివేదిక రాయాలిగా. అదేదో ఇప్పుడే పెట్టేశారనుకోండి, సంతకాలన్నీ ఒకేసారి అయిపోతాయి. మళ్లీ తిరగక్కర్లేదు."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నా నోటిదాకా వచ్చింది. కానీ టైపు చేసేది నేనే కాబట్టి మింగేశాను. నలభై రెండు పేజీలు కొట్టాను. 'దట్టమైన అడవిలో ఐదు గంటలు నడిచాము. చింపాంజీలు మమ్మల్ని చూసి మిక్కిలి సంతోషించినవి.' తొందరలో మావాళ్ల పాత చెత్తశుద్ధి అధ్యయన నివేదికలోంచి కొన్ని పేరాలు తెచ్చి అతికించాను. రెండుచోట్ల చింపాంజీలను తడి, పొడిగా వేరు చేయాలని ఉండిపోయింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చివరి పేజీలో మధుకర్ తెచ్చిన జాలి ఫోటో పెట్టి, 'మనిషి లోపల, జంతువు బయట: ఇదే మా సిఫారసు' అని రాశాం. ప్రజల నుంచి డిమాండు ఉన్నట్టు కనిపించాలని భాగ్యమ్మ అర్జీలు మూడూ వెనకాల కుట్టాం.

పంతొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. పై ఆఫీసులు ఇంత వేగంగా పని చేయడం నేనెప్పుడూ చూడలేదు. 'నివేదిక అందినది. కావున పర్యటన ముగిసినట్లుగా పరిగణించడమైనది. సిఫారసును అర్జీదారు ఇంటిపై ప్రయోగాత్మకంగా అమలు పరచవలెను.'

హనుమాండ్లన్న దాన్ని నా షాపులో నిలబడే మూడుసార్లు చదివారు.

"నేను పోయొచ్చిన్నా, మధుకర్?"

"ఆర్డర్ల అట్లనే ఉందన్న."

"ఎట్లుండె ఆఫ్రికా?"

"మంచిగనే ఉండెనన్న. రిపోర్టుల రాసినం కదా."

గొప్పవాళ్లు దుఃఖంలో ఎక్కువసేపు ఉండరు. అరగంటలో టీ తెప్పించి, వెళ్లొచ్చిన నాయకుడికి స్వాగతం ఏదని అడిగారు. నేను రాత్రికి రాత్రే ముప్పై అడుగుల ఫ్లెక్సీ కొట్టాను. మర్నాడు ఆయన పెద్ద అంబర్‌పేట్ దాకా కారులో వెళ్లి, అక్కడ ఓపెన్ టాప్ జీపెక్కి, విజయవాడ హైవే మీదుగా ఎల్బీనగర్ చౌరస్తాకు ఊరేగింపుగా తిరిగొచ్చారు. ఇరవై ఒక్కమందీ రాజీనామాలు ఉపసంహరించుకుని బైకుల మీద ముందు సాగారు. చౌరస్తాలో ఆయన చింపాంజీ తల్లి పిల్లను ఎత్తుకున్న తీరు వర్ణిస్తుంటే, ఆ వాక్యం టైపు చేసిన నాకే ఒళ్లు గగుర్పొడిచింది. మధ్యలో దగ్గు వచ్చింది. అడవిల వానకు జర తడిసిన, అన్నారు.

రెండో శనివారం మంచిరోజని ప్రారంభోత్సవం పెట్టారు. భాగ్యమ్మ మేడ మీద పెద్ద బోను బిగించారు. తయారు చేసే దుకాణదారుకు కోతులబోను నమూనానే ఇచ్చి, మనిషికి సరిపోయేట్టు కొలతలు పెంచమన్నారు. అతను కొలతలు మాత్రమే పెంచాడు. గడియ బయటే ఉంది. లోపల భాగ్యమ్మ, ఆమె చట్రం, దాని మీద దారం. మూడోసారి కట్టిన చీర అది. ఎర్రరంగు పడింది, ఇంక నాలుగు రోజులు కడితే అయిపోతుంది. ఆమె ముఖంలో నెలల తర్వాత నవ్వు చూశాను. లోపలైతేంది, బయటైతేంది, పని సాగితే సాలు బిడ్డా, అంది నాతో. నాకూ సంతోషమేసింది.

కొబ్బరికాయ కొట్టారు. అరటిపళ్ల గెల లోపల చట్రం పక్కన పెట్టి హారతిచ్చారు. హనుమాండ్లన్న తన చేత్తో గడియ వేసి, ఉపన్యాసం మొదలుపెట్టారు. ప్రపంచంలోనే మొట్టమొదటిసారి, అనేదాకా వచ్చేసరికి నీళ్లట్యాంకు మీద నుంచి ఒక గండుకోతి దిగింది. జనం దారిచ్చారు. శనివారం పూట దాన్ని అదిలించే ధైర్యం ఎవరికుంటుంది? అది నింపాదిగా బోను దగ్గరికి నడిచి, గడియను ఒకసారి చూసి, తీసింది.

భాగ్యమ్మ కెవ్వుమని బయటికి వచ్చింది. కోతి లోపలికి వెళ్లి గెల ముందు కూర్చుంది. ఆ క్షణంలో హనుమాండ్లన్న చూపిన సమయస్ఫూర్తి ఎంత చెప్పినా తక్కువే. ఆయన ముందుకు దూకి గడియ వేసేశారు.

ఒక్క నిమిషం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మా డివిజన్ చరిత్రలో మొదటి కోతి పట్టుబడింది. దానంతట అదే వచ్చింది కాబట్టి పాపం కూడా లేదు. టపాసులు పేలాయి. ఆఫ్రికా అనుభవం ఫలించిందని మధుకర్ అప్పటికే ఫోన్లో పెట్టేశాడు. బజ్జీల దగ్గర ఆగిపోయే విలేకరి కూడా మేడ ఎక్కాడు.

ప్రారంభోత్సవానికి వచ్చిన విశ్వేశ్వరరావు గారి చొక్కా పట్టుకుంది భాగ్యమ్మ. "సారూ, నా దారం లోపలున్నది. జర తలుపు తీయుండ్రి."

"పట్టుబడ్డ జంతువమ్మా. అటవీశాఖ వాళ్లు వచ్చి పంచనామా రాసుకోవాలి. అంతవరకు ఎవరూ తీయకూడదు. ఇవాళ రెండో శనివారం, రేపు ఆదివారం. సోమవారం పదిన్నరకల్లా వచ్చేస్తారు."

నేను గడియ వైపు చూశాను. రెండడుగుల దూరంలో ఉంది. పక్కనే హనుమాండ్లన్న దండలతో నిలబడి ఫోటోలు దిగుతున్నారు. సోమవారం నా షాపుకు రావాల్సిన ఫ్లెక్సీ ఆర్డర్లు గుర్తొచ్చాయి. చెయ్యి జేబులోనే పెట్టుకున్నాను. అందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

పళ్లు అయిపోయాక కోతి చట్రం వైపు తిరిగింది. జనమంతా అప్పటికే భోజనాలకు కిందికి దిగుతున్నారు. భాగ్యమ్మ జాలికి ముఖం ఆనించి కూర్చుంది.

"గా ఎర్రది వద్దు బిడ్డా," అంది మెల్లగా. "కావాలంటే అంచులది తీసుకో. గా ఎర్రది ఇడిసిపెట్టు. దండం పెడ్త."

కోతి ఆగింది. ఆమె ముఖంలోకి చూస్తూ చివరిదాకా విన్నది. తర్వాత ఎర్రదారం మీద మొదటి ముడి విప్పింది.