రెండు కవర్ల ఒప్పందం

1984 మార్చి ఒకటి, సెయింట్ డేవిడ్ పండుగ. ఆ పొద్దున కాలేజీలోని రాజనీతి విభాగానికి నెస్టా తన ఇంట్లో పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష కేకులు తెచ్చింది. అవి తింటూ ప్రొఫెసర్ ఇథెల్, ప్రొఫెసర్ మెలెరి ఆనాటి పని తేల్చుకున్నారు: ఇద్దరూ కలిసి రాసిన పుస్తకంలో ఎవరి సగం వాళ్లు పదకొండింటికి తెచ్చి టీ బల్ల మీద పెట్టడం, ఐదింటి టపాలో దాన్ని లండన్‌కి పంపడం.

పుస్తకం దేశాల మధ్య సహకారం గురించి. దేశాల పైన పెద్దదిక్కు లేదు గనుక ఎవరినీ నమ్మకూడదని ఇథెల్ సగం. పదేపదే ఎదురుపడక తప్పదు గనుక కలిసి బతకడం నేర్చుకుంటాయని మెలెరి సగం. ఆ రోజు పుస్తకం వెళ్లకపోతే విభాగాన్ని మూసేస్తామని ప్రిన్సిపాల్ రాశారు. ప్రొఫెసర్లకు ఇంకెక్కడో కుర్చీ దొరుకుతుంది. గదులు ఊడ్చి టీ కాచే నెస్టాకి దొరకదు.

పదకొండింటికి రెండు కవర్లూ బల్ల మీదికి వచ్చాయి. ముందు మీది విప్పండంటే మీది విప్పండన్నారు. ఒంటిగంటకు దానికో ఒప్పందం రాయడం మొదలుపెట్టారు. మూడింటికి అందులో పదకొండు షరతులు చేరాయి. నెస్టా రెండుసార్లు పిలిచినా పలకలేదు. నాలుగున్నరకు మూడు లెక్కపెట్టి ఒకేసారి విప్పారు.

రెండింట్లోనూ తెల్లకాగితాలే.

"ఇదేమిటండీ?" అంది మెలెరి.

"ముందుజాగ్రత్త. మరి మీదో?"

"మీరు ఇలా చేస్తారని తెలిసే చేశాను."

"చూశారా, నేను రాసిందే నిజమైంది," అన్నాడు ఇథెల్. విభాగం మునిగిపోతుంటే ఆయన ముఖం పెళ్లికొడుకులా వెలిగింది.

అసలు కాగితాలు ముందు ఎవరు తేవాలన్న వాదన తెగకముందే ఐదు కొట్టింది. కిటికీ కింద నుంచి టపా బండి వెళ్లిపోయింది. కప్పులు తీయడానికి వచ్చిన నెస్టాను ఇథెల్ పక్కకు పిలిచాడు. "నిన్న నీకు దాచమని ఇచ్చిన కవరు..."

"ఈయన కూడా నీకే ఇచ్చారా?" అంది మెలెరి.

ప్రపంచంలో ఎవరినీ నమ్మని ఆ ఇద్దరూ విడివిడిగా నమ్మింది నెస్టానే.

"రెండూ కలిపి దారంతో కట్టి మధ్యాహ్నమే లండన్ టపాలో వేసేశాను సార్. మీరేదో రాసుకుంటూ పలకలేదు."

"పైన ఎవరిది పెట్టావు?" ఇద్దరూ ఒక్క గొంతుతో అడిగారు. ఆ రోజంతా వాళ్లు కలిసి చేసిన పని అదొక్కటే.

"బరువున్నది కింద పెట్టానండీ. కట్ట నిలబడాలి కదా."

ఎవరిది బరువో తేల్చుకోలేక వాళ్లు వాదిస్తూనే మెట్లు దిగారు. మరిచిపోయిన కోట్లు తెచ్చి ఎవరిది వాళ్లకు అందించి, నెస్టా పైకి వచ్చి దీపం ఆర్పింది. పెద్దదిక్కు లేని ఆ విభాగం తలుపును చప్పుడు కాకుండా మూసింది.