ట్యాంకుకి పట్టిన తుప్పు

ఆ ఆదివారం ఉదయం చీమ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా ట్యాంకుకి తుప్పు తేల్చాలి, భోజనమయ్యాక పక్కలకి బురద పూయాలి, నాలుగింటికి దాన్ని అట్టపెట్టెలో భద్రంగా పెట్టుకుని నమూనాల క్లబ్బువాళ్ళ ప్రదర్శనకి వెళ్ళాలి.

చీమ అసలు పేరు కాలేజీ రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడదు. పసితనంలో పంచదార పలుకంత వస్తువుల్ని కూడా ఏరి దాచుకుంటుంటే అమ్మమ్మ పెట్టిన పేరు అది. పదిహేడేళ్ళొచ్చినా పేరూ వదల్లేదు, అలవాటూ వదల్లేదు. ఇప్పుడు ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధవాహనాల నమూనాలు చేస్తుంది. అసలు బండిలో ముప్పై అయిదో వంతు. బల్ల మీదున్న ట్యాంకు జానెడు పొడవుంటుంది గానీ, దాని గొలుసుచక్రాలకి ఒక్కొక్క లింకే బిగించడానికి మూడు వారాలు పట్టింది. మొత్తం మూడు నెలల పని.

అతికించడం ఒక ఎత్తు, పాతబరచడం ఒక ఎత్తు. కొత్త రంగుతో నిగనిగలాడితే అది ఉత్త ఆటబొమ్మ. ఎండా వానా తిని, నాలుగు ఊళ్ళ దుమ్ము మోసుకొచ్చినట్టు కనబడితేనే చీమ దృష్టిలో అది ట్యాంకు. అందుకో కిటుకుంది. ముందు ఒళ్ళంతా తుప్పు రంగు వేయాలి. దాని మీద జుట్టుకి కొట్టుకునే స్ప్రే కొట్టాలి. ఆపైన ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ ఆరీ ఆరకముందే తడి కుంచెతో రుద్దితే అక్కడక్కడా పెచ్చులు లేచి కింది తుప్పు తొంగిచూస్తుంది. గంట దాటిందా, రంగు మొండికేస్తుంది. అప్పుడు ఎంత రుద్దినా రాదు.

ఎక్కడో ఒకచోట వేసి చూసుకోకుండా బొమ్మ మీద చెయ్యి వేయకూడదన్నది చీమ నియమం. వాళ్ళు ఉండేది రెండో అంతస్తులో. మేడ మీది నీళ్ళ ట్యాంకు నుంచి వచ్చే ఇనప పైపు వాళ్ళ బాల్కనీ మూలగా కిందికి దిగుతుంది. నెల క్రితమే మార్చిన పైపు, తెల్లగా మెరిసిపోతోంది. తుప్పు వేసి చూసుకోవడానికి ఇంతకంటే మంచి చోటేముంది? స్పాంజి ముక్కతో గోధుమరంగు అద్ది, నారింజరంగు పొడి చల్లి, తడి కుంచెతో కిందికి చారలు లాగింది. తర్వాత గుడ్డతో తుడిచేస్తే సరిపోతుందనుకుంది. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే తనకే ముచ్చటేసింది.

సరిగ్గా అప్పుడే క్లబ్బు స్నేహితురాలు ఫోను చేసింది. చేతుల నిండా రంగు కాబట్టి చీమ స్పీకరు పెట్టి మాట్లాడింది.

"ట్యాంకు ఎంతవరకొచ్చిందే?"

"తుప్పు బ్రహ్మాండంగా పట్టింది. అడుగున బురద అట్టలు కట్టేసింది. పక్కల్నుంచి నూనె కారుతోంది. చూస్తే రెండేళ్ళుగా ఎవరూ కడగలేదనే అనుకుంటారు."

"మరి అందరికీ చెప్పావా?"

"ఇప్పుడే ఎందుకు? సాయంత్రం చూస్తారుగా."

కింది బాల్కనీలో బట్టలారేసి మంచినీళ్ళు తాగుతున్న మొదటి అంతస్తు పిన్నిగారి చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. పిన్నిగారు చెడ్డమనిషి కాదు, లేనిది కల్పించి చెప్పే మనిషీ కాదు. విన్నది విన్నట్టే చెబుతుంది. కాకపోతే ఏ ట్యాంకు అని అడిగే ఓపిక ఉండదు. నోట్లో ఉన్న గుక్కెడు నీళ్ళు పూలకుండీలో ఉమ్మేసి, గబగబా మెట్లు దిగింది.

పది నిమిషాల్లో ఆ సంగతి నాలుగు అంతస్తులూ ఎక్కి దిగింది. మూడో అంతస్తు బ్యాంకు ఉద్యోగికి వారం రోజులుగా అంతుపట్టని కడుపునొప్పికి కారణం దొరికింది. పై వాటా కొత్తకోడలు జుట్టెందుకు ఊడుతోందో తేలిపోయింది. అంతా కలిసి అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడి మీదికి వెళ్ళారు.

అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు. అందరూ మేష్టారనే అంటారు. కింద నోటీసు బోర్డులో ఆయన స్వహస్తాలతో రాసిన కాగితం ఇంకా కొత్తగానే ఉంది: 'నీళ్ళ ట్యాంకు పోయిన ఆదివారం నా స్వీయ పర్యవేక్షణలో శుభ్రం చేయించబడినది.'

"అది గాలికబురు. ఋజువేదీ?" అన్నారు మేష్టారు.

పిన్నిగారు ఆయన్ని తన బాల్కనీలోకి తీసుకెళ్ళి పైకి చూపించింది. రెండో అంతస్తు దగ్గర పైపు మీద తుప్పు చారలు చారలుగా కారుతోంది. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత ప్లంబరుకి ఫోను చేశారు.

ప్లంబరు ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. బాల్కనీలోంచి తల బయటికి పెట్టి పైకి చూసి, "ముట్టుకుని చూడక్కర్లేదు సార్. పదేళ్ళ తుప్పు" అన్నాడు.

"పోయిన నెల ఆ పైపు వేసింది నువ్వే కదయ్యా."

ప్లంబరు కాసేపు పైపుకేసి చూశాడు. "అదే చెబుతున్నాను సార్. నెలకే ఇలా అయిందంటే నీళ్ళు ఎంత ఘోరంగా ఉన్నాయో చూసుకోండి."

అక్కడితో అందరికీ నమ్మకం కుదిరింది. ప్లంబరు వాల్వు కట్టేసి, ఉన్న నీళ్ళన్నీ వదిలేయడానికి మేడెక్కాడు.

ఇక్కడ చీమకి ఇదేమీ తెలియదు. మూతికి గుడ్డ కట్టుకుని, తలుపేసుకుని ఆకుపచ్చ కొట్టడం ముగించింది. కాసేపు ఆరనిచ్చి గడియారం చూసుకుంటే రంగు కొట్టి నలభై నిమిషాలయింది. కుంచె తడపబోతే కప్పులో నీళ్ళు మురికిగా ఉన్నాయి. పారబోసి కుళాయి తిప్పింది. కుళాయి బుస్సుమంది. వంటింట్లోనూ అంతే. స్నానాలగదిలోంచి అమ్మ గొంతు వినబడింది.

"చీమా, మోటారు వేయమని చెప్పవే. తల నిండా సబ్బుంది."

ఫ్రిజ్‌లో ఉన్న ఒక్క సీసా నీళ్ళూ తలుపు సందులోంచి అమ్మ చేతికిచ్చేసింది. అవి ఒక చెవికే చాలాయి. చీమ ఖాళీ కప్పూ కుంచే పట్టుకుని బయటికి పరిగెత్తింది. మెట్ల మీద పదిమంది గుమిగూడి ఉన్నారు.

"ఎవరి దగ్గరైనా ఒక్క కప్పు నీళ్ళున్నాయా? ట్యాంకు కోసం."

అందరూ ఒకేసారి తిరిగి చూశారు.

"ట్యాంకు సంగతి నీకూ తెలుసా అమ్మాయ్?" అన్నారు మేష్టారు.

"తెలియకపోవడమేంటండీ, మూడు నెలలుగా దాంతోనే ఉన్నాను."

"తుప్పు పట్టిందని కూడా తెలుసా?"

"దానంతటది పట్టలేదండీ. నేనే పట్టించాను."

మేష్టారు మెట్ల కమ్మీ పట్టుకున్నారు. "ఎందుకమ్మా?"

"కొత్తగా మెరుస్తుంటే ఏం బాగుంటుంది?"

"మరి ఆ బురదో?" అంది పిన్నిగారు.

"అడుగున అయిపోయింది పిన్నిగారూ. పక్కలకి భోజనమయ్యాక. గోధుమరంగు పొడిలో కాస్త థిన్నరు కలిపితే చాలు."

థిన్నరు అన్న మాట వినగానే బ్యాంకు ఉద్యోగి పొట్ట పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. మేష్టారు బడిలో దొంగల్ని పట్టుకున్ననాటి గొంతు తెచ్చుకున్నారు.

"దాచకుండా చెప్పు తల్లీ. లోపల ఇంకేమైనా వేశావా?"

"ఒక మనిషిని పెట్టానండీ. నడుం దాకా పైకి కనిపిస్తాడు. కాళ్ళు పట్టలేదు, కోసేశాను."

చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. చీమ మాత్రం గడియారం చూసుకుంటోంది.

"కొంచెం త్వరగా ఇస్తారా? ఇంకో పావుగంట దాటితే గట్టిపడిపోతుంది."

అప్పుడొచ్చింది అమ్మ, తలకి తువ్వాలు చుట్టుకుని, ఎడమ చెవి మీద నురగతో. "ఏమైంది మేష్టారూ? నీళ్ళెందుకాగాయి?"

"మీ అమ్మాయి ట్యాంకులో మనిషిని..." మేష్టారికి మాట పూర్తిచేయబుద్ధి కాలేదు.

"అతనా?" అంది అమ్మ. "పోయిన వారం మీసం కూడా పెట్టింది."

లోపలికెళ్ళి రెండు చేతులతో ట్యాంకు తెచ్చి మేష్టారి ముందు పట్టుకుంది. అందరూ వంగి చూశారు. గొలుసుచక్రాలు, వాటి సందుల్లో బురద, పైమూతలోంచి నడుం దాకా లేచి దూరంగా ఎటో చూస్తున్న మీసాలున్న అంగుళమంత మనిషి. బ్యాంకు ఉద్యోగి ముందు నవ్వాడు. తర్వాత ఆగకుండా అందరూ నవ్వారు. మేష్టారు నవ్వలేదు. నిటారుగా నిలబడి పిన్నిగారి వైపు తిరిగారు.

"అందుకే అన్నాను, ఋజువు లేనిదే నమ్మకూడదని. నేను దగ్గరుండి కడిగించిన ట్యాంకు..."

పైనుంచి ప్లంబరు దిగాడు. చేతిలో బక్కెట్టు. బక్కెట్టులో నల్లటి బురద.

"అడుగున జానెడుంది సార్. ఇంకో నాలుగు బక్కెట్లు వస్తుంది."

పిన్నిగారే మెల్లగా అడిగింది. "పోయిన ఆదివారం మీరు పక్కన నిలబడి చేయించారు కదా మేష్టారూ?"

"నిలబడ్డాను," అన్నారు మేష్టారు. "మూడో అంతస్తులో. మోకాళ్ళు అక్కడిదాకే సహకరించాయి. కేకేసి అడిగితే అయిపోయిందన్నారు."

"మూత కూడా తీయలేదు సార్," అన్నాడు ప్లంబరు. "దాని చుట్టూ సాలీడు కాపురం పెట్టి చాలా కాలమయింది."

మేష్టారు కిందికి దిగి, నోటీసు బోర్డులో కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. పొట్ట పట్టుకున్న బ్యాంకు ఉద్యోగి ముఖంలో మాత్రం చాలా రోజుల తర్వాత తృప్తి కనబడింది.

ఇంతలో పిన్నిగారు దుకాణం నుంచి తెచ్చిపెట్టుకున్న నీళ్ళసీసా తెచ్చి చీమ కప్పు నింపింది. ఎనిమిది నిమిషాలే మిగిలాయి. ఇంట్లోకి వెళ్ళే వ్యవధి కూడా లేక చీమ మెట్ల మీదే కూర్చుని, కుంచె తడిపి మూత అంచున రుద్దింది. ఏమీ రాలేదు. మళ్ళీ తడిపి రుద్దింది. ఆవగింజంత పచ్చరంగు పెచ్చు లేచి, కింద ఎర్రటి తుప్పు కనబడింది. పదిమందీ చుట్టూ మూగి, తలుపు మూల, చక్రం పైన, గొట్టం పక్కన ఒక్కో పెచ్చూ లేస్తుంటే చూశారు.

"నన్నూ ఓసారి రుద్దనిస్తావా?" అంది పిన్నిగారు.

చీమ కుంచె ఇచ్చింది. పిన్నిగారి తొందరకి గోరంత పెచ్చు ఒకటి ఊడొచ్చింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఫర్వాలేదు పిన్నిగారూ. అక్కడేదో గోడకి గుద్దుకుందనుకుంటారు. అదే బాగుంది." చీమ ఆ మాట ఊరడింపుకి అనలేదు, నిజంగానే బాగుంది. తర్వాత ఒక్క క్షణం తటపటాయించి, "ఇంకో సంగతి. బాల్కనీలో పైపు మీద తుప్పు కూడా నాదే" అంది.

ప్లంబరు బక్కెట్టులోకి చూస్తూ, "నేననుకుంటూనే ఉన్నాను" అన్నాడు.

మధ్యాహ్నానికి ట్యాంకు కడగడం పూర్తయింది. నీళ్ళొచ్చాయి. అమ్మ రెండో చెవి కడుక్కుంది. చీమ పైపు తుడిచి, భోజనం చేసి, పక్కలకి బురద పూసి, చెప్పిన వేళకే ప్రదర్శనకి బయలుదేరింది. పిన్నిగారు తన పెచ్చు ఎక్కడుందో చూపించుకోవాలని వెంట వెళ్ళింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి సంఘం సమావేశం ముగింపుకొచ్చింది. ఈ చిన్న వయసులోనే ఇంత శ్రద్ధ ఉన్న మనిషి ఇంకెవరూ లేరని, ఇకనుంచి నెలకోసారి మేడెక్కి ట్యాంకు మూత తీసి చూసే బాధ్యత చీమదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. నాకేమీ తెలియకుండానే జరిగిందండీ అని ఆ అమ్మాయి మూడుసార్లు చెప్పింది. ఆ వినయం చూసి మేష్టారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

స్టూలెక్కితేనే చీమకి కళ్ళు తిరుగుతాయన్న సంగతి మాత్రం ఎవరూ కనుక్కోలేదు.